ఇంటిబడి: ఓర్వకల్లు రాళ్ల దగ్గర

ఇంతవరకు జరిగినది నాలుగు మాటల్లో చెప్పి ముందుకు పోతాను. జ్వరంతో నెలల తరబడి మంచం పట్టి లేచిన నా మనవరాలు క్రిస్టినాను, ఎర్రగుంట్లలో ఆమె చదివే బడివాళ్లు ఒక తరగతి కిందికి దించి చిన్నపిల్లల పక్కన కూర్చోబెట్టారు. దసరా సెలవులకు కల్లూరులో నా ఇంటికి వచ్చిన పిల్ల మళ్లీ ఆ బడి మెట్లు ఎక్కనంది. వేసవిదాకా నేనే ఇంట్లో చదివిస్తాను, తర్వాత మీకు నచ్చిన బడిలో చేర్చుకోండి అని నా కూతురు ప్రేమజ్యోతికీ, అల్లుడు యేసుప్రసాద్‌కూ మాటిచ్చాను. నా భార్య జ్ఞానమణి పోయిన తర్వాత కూరగాయల బుట్ట తప్ప ఏమీ ఎరగని మా వంటింటి బల్ల అలా బడి అయింది. శుక్రవారం మాత్రం ఆ బడి ఊరి మీద పడుతుంది. ఈ శుక్రవారం ఓర్వకల్లు రాళ్లు చూద్దామని చిత్రాన్నం మూట కట్టుకుని, తలుపుకు తాళం వేస్తుండగా గేటు ముందు షేర్ ఆటో ఆగింది. చేతిలో చిన్న సంచీతో అల్లుడు దిగాడు. కబురు లేకుండా అతడు రావడం అదే మొదలు.

"ఏమప్పా, చెప్పాపెట్టకుండా వస్తివి? జ్యోతి బాగుండాదా?"

"బాగుండాది మామా. ఇద్దరూ యాడికో పోతాండారే?"

"బడికి," అంది క్రిస్టినా.

అతడు తలుపు తాళం వైపు చూశాడు. "బడి లోపలుంటాదనుకుంటి."

"శుక్రవారం లోపలుండదు డాడీ. ఈరోజు ఓర్వకల్లులో ఉండాది."

అతడు నవ్వలేదు. ఎర్రగుంట్ల నుంచి రాత్రంతా కూర్చుని వచ్చిన కళ్లు ఎర్రగా ఉన్నాయి. కుండలో నీళ్లు ముంచి ఇచ్చాను. చెంబెడూ తాగి, మూతి తుడుచుకుని, చెప్పవలసిన మాట నిలబడే చెప్పేశాడు. కడపలో ఒక హాస్టల్ బడిలో సీటు ఉందట. సోమవారం పరీక్ష పెడతారట. పాపను తోడుకొని పోదామని వచ్చాడట.

"వేసవిదాకా అనుకుంటిమి గదప్పా."

"వేసవికి సీట్లుండవు మామా."

నేను చెంబు అరుగు మీద పెట్టాను. ఆ పిల్ల పోతే రేపు ఉదయం నేను ఎవరిని నిద్రలేపాలి?

"ఒక పని చెయ్యి. ఈరోజు మాతో రా. దాని చదువు నీ కళ్లతో చూడు. సాయంత్రం ఇల్లు చేరినాక నువ్వు ఏమంటే అదే."

అతడు ఆలోచించి సంచీ భుజానికి తగిలించుకున్నాడు. క్రిస్టినా వంగి చెప్పుల పట్టీలు పెట్టుకుంటోంది. పెట్టిన పట్టీనే విప్పి మళ్లీ పెట్టింది. నాకంటే ఎక్కువ భయపడుతున్నట్టుంది పాపం అనుకున్నాను.

నంద్యాల బస్సు కిటకిటలాడుతోంది. కండక్టరు నా తల నెరుపు చూసి, మెట్ల పక్క సీటులో ఉన్న కుర్రవాడి భుజం తట్టి లేపాడు. ఎవరూ అడగకుండానే జరిగే ఇలాంటివి ఈమధ్య నాకు బాగా కనబడుతున్నాయి. జ్ఞానమణి ఉన్నప్పుడు ఇవన్నీ ఆమె చూసి నాకు చెప్పేది. ఇప్పుడు నేనే చూసుకోవాలి.

"ఏ పుస్తకాలు చెప్తాండావు మామా? ఒక సిలబస్ అంటూ ఉండాదా?" అన్నాడు అల్లుడు, పైకమ్మి పట్టుకుని నా మీదికి వంగి.

ఉంది. కానీ దాన్ని సిలబస్ అనగలమో లేదో నాకు తెలియదు. మొదట్లో ఫోనులో ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు దించుకుని కల్లూరులో జిరాక్సు తీయించాను. బొమ్మలన్నీ నల్లగా వచ్చాయి. మామిడిపండూ వంకాయా ఒకలాగే ఉన్నాయి. అప్పుడు పాత ఊళ్లో వెంకటరమణయ్య గారి పుస్తకాల అంగడికి వెళ్లాను. తాతల కాలం నుంచి పుస్తకాలూ పలకలూ అమ్మే ఇల్లు వాళ్లది. "ఏ బడికి స్వామీ?" అన్నాడు. మా ఇంటికే అంటే, కళ్లజోడు పైకెత్తి చూసి, "అట్లయితే యూనిఫాం గుడ్డ గూడా నా తావే తీసుకోండి, మీ ఇంటి పేరు కుట్టిస్తా," అని నవ్వాడు. నవ్వినవాడే అటక ఎక్కి దుమ్ము పట్టిన భూగోళం ఒకటి దించి ఊరికే ఇచ్చాడు. "దేశాల పేర్లు కొన్ని మారినాయి. సముద్రాలు మాత్రం అట్లనే ఉండాయి. పాపకు సముద్రాలు చెప్పండి."

మిగిలిన బడి సరంజామా అంతా జ్ఞానమణిది. ముప్పై ఏళ్లు మా సంఘంలో సండే స్కూలు నడిపిన మనిషి. ఊలు గుడ్డ అంటించిన ఆమె బోర్డు, ఆ గుడ్డకు అతుక్కుని నిలబడే కాగితపు బొమ్మలు, అన్నీ బీరువా మీద అట్టపెట్టెలో భద్రంగా ఉన్నాయి. నోవహు ఓడలోని జంతువులతో మా జంతుశాస్త్రం మొదలైంది. ఎడారి పాఠానికి తూర్పు దేశపు జ్ఞానుల ఒంటెలు పనికొచ్చాయి. పంటల పాఠానికి రూతు పరిగె ఏరుకున్న చేను ఉండనే ఉంది. అది గోధుమ చేనా, జొన్న చేనా అని క్రిస్టినా నాతో ఒక పూటంతా వాదించింది.

ఇక శుక్రవారాలు. కొండారెడ్డి బురుజు ఎక్కి చరిత్ర చదివాం. తుంగభద్ర ఒడ్డున కూర్చుని నదులు చదివాం. బెలుం గుహల్లో నీటిచుక్క రాయిగా మారడం చూసి, "తాతా, ఇది నీకంటే నిదానం," అంది. నేను ఇవన్నీ చెబుతుంటే అల్లుడు తల ఊపుతూ విన్నాడు. ఒప్పుకున్నట్టు ఊపాడో, బస్సు కుదుపుకు ఊగిందో చెప్పలేను.

ఓర్వకల్లు దగ్గర దిగేసరికి ఎండ ఎక్కింది. ఇప్పుడు అక్కడ గేటు ఉంది, టికెట్టు ఉంది, నడవడానికి బాట ఉంది, నీళ్ల మడుగులో పడవ ఉంది. జ్ఞానమణి ఈస్టరు మరునాడు సండే స్కూలు పిల్లల్ని ట్రాక్టరులో ఎక్కించుకుని వచ్చే రోజుల్లో ఇవేవీ లేవు. రాళ్లూ, మేకలూ, గాలీ. పిల్లలు రాళ్ల సందుల్లో దాక్కుంటే ఆమె వెతకడానికి పోయేది కాదు. నీడలో కూర్చుని పాట ఎత్తుకునేది. రెండో చరణానికి ఎవరో ఒకరు రాగం తప్పి అందుకునేవారు, ఎక్కడున్నదీ దొరికిపోయేవారు. అలసిన పిల్లలందరికీ ఆమె పమిట చెంగే చెమట తుడిచే గుడ్డ. ఇల్లు చేరాక ఆ చీర పిండితే ఓర్వకల్లు మట్టి అంతా బకెట్టులో తేలేది.

ఆ రాళ్లు మాత్రం అప్పుడెలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి, ఇప్పుడో ఇంకాసేపట్లోనో పడిపోతాయన్నట్టు.

"ఏదీ, నీ బడి చూపియ్యి," అన్నాడు అల్లుడు క్రిస్టినాతో, ఒక పెద్ద రాతి నీడలో చతికిలబడి. "ఈ రాయి నడిమికి ఎందుకు పగిలిందో చెప్పు."

క్రిస్టినా లేచి నిలబడింది. చేతులు కట్టుకుంది. కళ్లు మూసుకుంది. నాకు సంగతి అర్థమయ్యేలోపే మొదలుపెట్టేసింది.

"సాంఘిక శాస్త్రము నాలుగవ అధ్యాయము పదవ వచనము. పగటి ఎండకు శిలలు వ్యాకోచించును, రాత్రి చలికి సంకోచించును, అందువలన కాలక్రమమున పగులును. సాంఘిక శాస్త్రము నాలుగు పది."

అల్లుడు నోరు తెరిచి నా వైపు చూశాడు. "వచనమేంది మామా?"

నేను నేల చూశాను. సండే స్కూల్లో కంఠతా వాక్యం చెప్పే పద్ధతి అది. ముందు అధ్యాయమూ వచనమూ, తర్వాత వాక్యం, చివర మళ్లీ అధ్యాయమూ వచనమూ. పాఠం మనసులో నిలవడానికి నాకు తెలిసిన దారి అదొక్కటే. పుస్తకంలో వాక్యాలకు పక్కన అంకెలు వేసింది నేనే.

"లెక్కలు గూడా ఇంతేనా?" అన్నాడు.

"ఎక్కాలకు వచనాలు లేవు డాడీ. ఎక్కాలు కీర్తనల మాదిరి పాడతాం."

అతడు ఆపుకోలేక నవ్వాడు. వీపు రాతికి ఆనించి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. "నేనూ అట్లనే నేర్చుకుంటి మామా. ఇరవై మూడో కీర్తన ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్తా." అంతలోనే నవ్వు ఆగిపోయింది. "కానీ సోమవారం ఆడ పెద్ద మేడమ్ ముందర ఇది ఇట్ల చేతులు కట్టుకొని నాలుగు పది అంటే, పాపను చూసి ఎగతాళిగా నగరా? దాన్ని ఒకసారి కిందికి దించినారు. ఇంగోసారి దించనిస్తానా నేను?"

ఆ మాటలో కోపం లేదు. భయమే ఉంది. అతడు ఎర్రగుంట్ల నుంచి ఎందుకు నిద్రలేకుండా వచ్చాడో నాకు అప్పుడు తెలిసింది.

క్రిస్టినా తండ్రి చెయ్యి పట్టుకుని లాగింది. రాతికి ఎండ పడే వైపు ఆ అరచేతిని ఆనించింది. చురుక్కుమనేసరికి అతడు వెనక్కు తీసుకున్నాడు. మళ్లీ లాగి నీడ వైపు పెట్టింది.

"ఒకే రాయి డాడీ. ఈ పక్క కాలతాండాది, ఆ పక్క సల్లగా ఉండాది. దినామూ ఇట్ల ఉబ్బి, ముడుచుకొని, ఉబ్బి, ముడుచుకొని... దానికి అలుపు రాదా? శానా ఏండ్లకు అలిసిపోయి పగులుతాది. మనకైతే ఎండకూ చలికీ అడ్డం గోడ ఉండాది, దానికి ఒళ్లే గోడ."

అతడు చాలాసేపు చెయ్యి అక్కడే ఉంచాడు. నేను లోపల పొంగిపోతూ పక్కకు చూశాను.

"చూస్తివా?" అన్నాను.

"బాగా చెప్పింది మామా. అయినా..."

"ఇంగేంది అయినా? వేసవిదాకా అని మాటనుకొని, నడిమిట్ల వస్తివి. ఎవరు చెప్పినారు నీకు? జ్యోతినా?"

అతడు క్రిస్టినా వైపు చూశాడు. దూరంగా ఏదో పల్లెబడి పిల్లలు బస్సు దిగి, రంగురంగుల బట్టల్లో రాళ్ల మీదికి ఎగబడుతున్నారు. ఆ కేకల మధ్య, నా పక్క నుంచి చిన్న గొంతు వినబడింది.

"నేనే తాతా. నీ ఫోన్‌లోనుంచి నేనే డాడీకి చేస్తి. వచ్చి తోడుకొని పొమ్మంటి."

నేను ఆమె వైపు తిరిగాను. ఆ పిల్ల నా వైపు చూడటం లేదు. చెప్పు కొనతో ఇసుకలో గీతలు గీస్తోంది.

"నేను కోప్పడితినా అమ్మా? బాగా చూసుకోలేదా?"

"శానా బాగా చూసుకుంటివి. అందుకే నీకు చెప్పలేకపోతి." ఒక గీత మీద ఇంకో గీత గీసింది. "మన బడిలో ఫస్టూ నేనే తాతా, లాస్టూ నేనే. ఎవరితో పోట్లాడల్ల? ఎవరి పుస్తకంలో చూసి రాయల్ల?"

అల్లుడు తల దించుకున్నాడు. ఆమె ఇంకా ఆపలేదు.

"మల్ల... నేను సరిగ్గా చెప్పినప్పుడు నువ్వు నా పక్క చూడవు. అవ్వ కుర్చీ పక్క చూస్తావు. అవ్వ నవ్విందా లేదా అని. తప్పు చెప్పినా అంతే. నాకు అవ్వంటే ఇష్టమే తాతా. కానీ ఆ బడి అవ్వది. నేను అవ్వ బడిలో కూచోనుండా."

గాలి వీచి చిత్రాన్నం మూట కొంగు రెపరెపలాడింది. నేను దాన్ని గట్టిగా ముడేశాను, విప్పి మళ్లీ ముడేశాను. వంటింటి బల్లకు అటువైపు ఉండే కుర్చీ నా కళ్ల ముందు నిలిచింది. కిటికీ వెలుతురు దాని మీదే పడుతుంది. అక్కడే కూర్చుని జ్ఞానమణి సండే స్కూలు బొమ్మలకు వెనక గుడ్డ అంటించేది, జిగురు వేళ్లకు అంటుకుంటే నా చొక్కాకు తుడిచేది. పాఠం చెబుతూ నేను అటు చూస్తానని నాకే తెలియదు. ఈ నెలలన్నీ ఇంట్లో మళ్లీ సందడి వచ్చిందని దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. ఆ సందడి ఎవరి గొంతుదో సరిగ్గా వినలేదు.

"కోపమా తాతా?"

"లేదమ్మా." నిజంగానే లేదు. ఆమె తల మీద చెయ్యి వేశాను. జుట్టు ఎండకు వెచ్చగా ఉంది. "రాయికైనా అలుపు వస్తాదని, నీకు నాలుగు పది బాగా అర్థమైందమ్మా."

ఆమె ముఖం తేటపడింది. ఆ పిల్లల వైపు చూసింది. "నేను ఆడికి పోయి ఆడుకుంటా?"

పరుగెత్తింది. కాసేపటికి ఆ రంగుల మధ్య ఆమె నీలం గౌను ఏదో పోల్చుకోలేకపోయాం. ఒక రాతి మీద నుంచి ఎవరో "నా తావ రా మే!" అని పిలిస్తే, ఆమె గొంతు "వస్తాండా!" అనడం మాత్రం వినబడింది. ఆ ఒక్క మాట నేను ఇంట్లో ఎన్నడూ అంత గట్టిగా వినలేదు.

మేమిద్దరం చిత్రాన్నం తిన్నాం. ఆమె వంతు విడిగా కట్టి పెట్టాం. అల్లుడు వేరుశనగ పలుకులు ఏరి పక్కన పెడుతున్నాడు.

"అది రాయి గురించి చెప్పింది చూడు మామా," అన్నాడు నిదానంగా, "నేను పది పాసైనోన్నే, నాకట్ల ఎవరూ చెప్పలేదు. చెయ్యి పట్టుకొని చూపించిన సారు ఒక్కడు లేడు. హాస్టల్లో ఎవరు చూపిస్తారు? ఇంగ కొన్నాళ్లు నీ తావే పెట్టుకో."

"వద్దప్పా. సోమవారం తోడుకొని పో."

"నువ్వేనా ఈ మాట అంటాండేది?"

"నేనే. దానికి పక్కన కూచునే పిల్లోల్లు కావల్ల. ముసలోడు కాదు."

"దాని మాట పట్టుకొని అంటాండావు. పిల్లది, ఏదో అనింది."

"పిల్లదే నిజం చెప్పింది. నువ్వూ నేనూ చెప్పలేదు."

"హాస్టల్లో జ్వరమొస్తే? అప్పుడు ఎవరు చూస్తారు మామా?"

"పొద్దున ఆ మాట నీకు గుర్తు రాలేదా? నా ఇంటి ముందర నిలబడి సీటు, సీటు అంటివే!"

పొద్దున అతడు లాగిన తాడు కొస ఇప్పుడు నేను లాగుతున్నాను, నేను పట్టుకున్న కొస అతడు పట్టుకున్నాడు. ఎవరూ వదలడం లేదు. గొంతులు పెరిగాయి. మడుగులో పడవ నడిపే మనిషి కూడా తెడ్డు ఆపి మా వైపు చూశాడు.

అంతలో క్రిస్టినా రొప్పుతూ వచ్చింది. "డాడీ, వాల్లు పోతాండారు. వాల్ల బస్సులో పాటలొస్తాయంట. ఒక్కసారి ఎక్కి చూసొస్తా?"

"చూసి దిగిపో," అన్నాం ఇద్దరం ఒక్కసారే. ఆ రోజు మేమిద్దరం ఏకమైన మాట అదొక్కటే. వెంటనే మళ్లీ వాదనలో పడ్డాం.

మేం కూర్చున్న చోటికి కనబడేంత దూరంలో, గేటు బయట ఆ బడి సారు బస్సు మెట్ల పక్కన నిలబడి పిల్లల్ని ఎక్కిస్తున్నాడు. ఒక చెవికి ఫోను, ఇంకో చెయ్యి ఎక్కేవాళ్ల తలల మీద. "ఆదోని చేరేతలికి పొద్దు మునుగుతాది, ఎక్కండప్పా బిరబిర!" అంటున్నాడు. డ్రైవరు హారను మోగిస్తున్నాడు. తలలన్నీ తాకడం అయ్యాక సారు మెట్టు ఎక్కి, లోపలికి మరోసారి వేలు ఆడించి, "సరిపోయింది, లెక్క సరిపోయింది! పోనీ అప్పా!" అని కేక వేశాడు.

బస్సు కదిలింది. పాట మొదలైంది.

"కంబన్నను అడుగుదాం మామా, మన పాస్టరు గారిని," అంటున్నాడు అల్లుడు. "ఆయన చెప్పినట్ల చేద్దాం."

"పాస్టరు గారు దాని పక్కన బెంచీలో కూచుంటాడా?" అంటూ నేను యథాలాపంగా గేటు వైపు చూశాను. నీలం గౌను కోసం చూశాను. బాట మీద ఎవరూ లేరు. బస్సు దిగిన పిల్ల ఎవరూ లేరు. బస్సు రోడ్డెక్కి మలుపు తిరుగుతోంది. వెనక అద్దానికి ఆనుకుని పిల్లల ముఖాలు, వాటి మధ్య ఒక ముఖం. అరచెయ్యి అద్దానికి ఆనించి ఉంది. నవ్వుతోందో, ఏడుస్తోందో దుమ్ములో తెలియలేదు.

"పాపా!" అల్లుడు చిత్రాన్నం చేతితోనే లేచి పరుగెత్తాడు. గేటు దాటాడు. రోడ్డు మీద అతడి కేక లారీ చప్పుడులో కలిసిపోయింది.

నేను కాళ్లు కూడదీసుకుని లేచాను. రాతిని పట్టుకుని నిలబడ్డాను. ఆదోని దూరమే. కానీ బస్సు పోయేది ఒకే రోడ్డు, ఆ సారుది మంచి ముఖమే, దారిలో చూస్తాడు, ఆపుతాడు. ఇలా నాకు నేనే ధైర్యం చెప్పుకుంటున్నాను. ఆయన అంత నమ్మకంగా చెప్పిన లెక్క మాత్రం నన్ను వదల్లేదు. తలలు తాకి, వేలు ఆడించి, సరిపోయిందని కేక వేశాడే. క్రిస్టినా ఎక్కాక కూడా ఎలా సరిపోయింది?

నా వెనక రాళ్ల సందులో చిన్న రాయి ఒకటి దొర్లింది.

తిరిగి చూశాను. పసుపు పావడా కట్టుకున్న చిన్నపిల్ల, క్రిస్టినా కంటే చిన్నది, దాగుడుమూతల్లో ఎవరూ పట్టుకోలేదన్న గర్వం ముఖమంతా పూసుకుని, రెండు రాళ్ల నడుమ నుంచి పక్కకు తిరిగి జారుతూ బయటికి వచ్చింది. చుట్టూ చూసింది. రాళ్లు ఖాళీగా ఉన్నాయి. గేటు బయట రోడ్డు ఖాళీగా ఉంది. గర్వం మెల్లగా కరిగిపోయింది. ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి నా పంచె కొస పట్టుకుంది.

"తాతా, మా బస్సు యాడుండాది?"